ఇంటి కేసు

గంట పడుతుందన్నాడు ఆఫీసరు. "మీ ఒరిజినల్ కాగితాలు కింద లాకరు గదిలోంచి పైకి రావాలి సార్. తాళాలు రెండు, తాళాలవాళ్ళు ఇద్దరు, అందులో ఒకాయన ఇప్పుడే టీకి వెళ్ళాడు. ఈలోగా మేడమ్‌ని కూడా రమ్మనండి, లోను ఇద్దరి పేరు మీదా ఉంది కదా, ఇద్దరూ సంతకం పెడితేగాని ఇవ్వకూడదు" అన్నాడు. పదకొండేళ్ళు ఆగినవాడికి గంట ఓ లెక్కా అనుకుని, భార్యకి ఫోన్ చేసి రమ్మని చెప్పి, బ్యాంకు హాల్లో ఇనపకుర్చీలో కూలబడ్డాడు పళ్ళాయన. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు గనక వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది, ఇంటికొచ్చే చుట్టాలు కూడా ఆ పేరు చెబితేగాని ఎవరూ దారి చూపించరు. కూర్చున్నాడేగాని కుదురుంటేనా. రెండు నిమిషాలకే మోకాలు దానంతటదే ఊగడం మొదలెట్టింది, దాంతో పక్కకుర్చీ కూడా ఊగింది, అందులో కూర్చున్న పెద్దావిడ చేతిసంచీ దగ్గరికి లాక్కుని ఓ చూపు చూసింది. ఆపాడు. కాసేపటికి రెండో మోకాలు ఊగింది. ఒళ్ళో చెప్పుల అట్టపెట్టె, అందులో పదకొండేళ్ళ రసీదులు, ఎందుకైనా మంచిదని అన్నీ పట్టుకొచ్చాడు, ఒక్కటీ ఎవరూ అడగలేదు. రసీదులు ఎగిరిపోకుండా బరువుకని ఎప్పుడో పెట్టిన పళ్ళ ప్లాస్టర్ అచ్చు కూడా పెట్టెతో పాటే వచ్చేసింది. పెట్టె మూతమీద ఓ కొత్త ఫారం, ఇందాకే ఆఫీసరు నవ్వుతూ చేతిలో పెట్టింది. తాకట్టు విడిపించుకోవడానికి వచ్చినవాడి ఒళ్ళో ఇంకో ఇంటి అప్పు ఫారం. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు.

అందరిదీ ఒకటే మాట, అప్పు తీరిపోయింది కదా, ఇక గుండెమీద చెయ్యేసుకుని నిద్రపో అని. ఆఖరి వాయిదా కట్టి నలభై రోజులైంది. నిద్ర మాట దేవుడెరుగు, పట్టపగలే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. ఒకటో తారీఖు పొద్దున్నే అలవాటుగా చెయ్యి ఫోన్ మీదికి పోయింది, బ్యాంకు పేరు నొక్కాడు, అంకె కొట్టాడు, వేలు ఆగింది, ఎవరికి పంపుతున్నట్టు, ఎందుకు పంపుతున్నట్టు. ఫోన్ పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్ళి తలుపు వెనక్కి తిప్పి చార్టు చూశాడు. ఇల్లు కొన్న వారంలోనే వాళ్ళావిడ అతికించిన చార్టు అది, పద్దెనిమిది వరసలు, వరసకి పది గడులు, పదిహేనేళ్ళకి నూట ఎనభై వాయిదాలు. జీతంలోంచి కట్టేది నీలం గడి, పైనుంచి కిందికి. ఆదివారాలు, సెలవు రోజులు చేసిన పని డబ్బుతో ముందుగా కట్టేది ఎర్ర గడి, కిందినుంచి పైకి. రెండు రంగులూ ఎక్కడ కలుస్తాయో ఆ రోజు ఇల్లు మనదవుతుందని కూతురికి చెప్పారు, అప్పుడు దానికి నాలుగేళ్ళు, రంగులు వేసే ఉద్యోగం దానిదే. మొన్న ఆఖరి గడి మిగిలితే పదిహేనేళ్ళ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని సగం నీలం సగం ఎరుపు వేసింది, ముగ్గురూ ఐస్‌క్రీం తిన్నారు. నాలుగేళ్ళు ముందే తీర్చేశాం, నాలుగేళ్ళు, అని ఆయన మూడుసార్లు అన్నాడు. మూడోసారి ఎవరూ తలెత్తలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ తలుపు తిప్పుతాడు, కళ్ళు ఖాళీ గడి కోసం వెతుకుతాయి, ఉండదు. అన్ని గడులూ నిండిపోయాక చూడ్డానికి ఏముంది, అయినా చూస్తాడు, ఇదేం రోగమో.

గోడమీది టోకెను బోర్డులో ఎర్రంకె మారింది, యాభై ఒకటి. తనది కాదు. ఓ నోటుపుస్తకం కూడా పెట్టెలో ఉంది కదూ, అడుగున, అట్ట ఎర్రది, పొద్దున ఫ్రిజ్ మీంచి తీసి పడేసుకొచ్చాడు. ఐస్‌క్రీం తిన్న మర్నాడు ఆవిడ కొనుక్కొచ్చింది. "ఇన్నాళ్ళూ ఇంటికేం కావాలో చూశాం. ఇప్పుడు మనకేం కావాలో రాద్దాం. తలా ఒకటి" అంది. పిల్ల పెన్ను లాక్కుని ఒక్క నిమిషం ఆలోచించకుండా రాసేసింది, 'నా గదికి తలుపు' అని. చదివి ముగ్గురూ పకపకా నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ ఆయన ఆగిపోయాడు. నిజమే మరి. కొన్నప్పుడు ఆ గదికి తలుపు లేదు, వచ్చే నెల పెట్టిద్దాం అని కర్టెన్ కట్టారు, ఆ వచ్చే నెల పదకొండేళ్ళయినా రాలేదు. పిల్ల బట్టల క్లిప్పులు పెట్టుకుని కర్టెన్ బిగించుకుంటోంది. పదకొండేళ్ళు కడుపు కట్టుకుని ఇల్లు సంపాదిస్తే అందులో ఓ గదికి తలుపే లేకపోవడమేమిటి, ఎవరికైనా చెబితే నవ్విపోతారు. "మరి నువ్వు రాయి" అన్నాడు ఆవిడతో. "మీరు రాశాకే" అంది, పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టేసింది. రోజూ ఒకే ప్రశ్న, రాశారా అని. ఆలోచిస్తున్నా అని ఈయన. ఆలోచనకేం తక్కువ, ఆరునెలల ఖర్చు విడిగా దాచుకో, పిల్ల చదువుకి విడిగా వెయ్యి, ముసలితనానికి విడిగా వెయ్యి, అవన్నీ సరే, అవెటూ చేస్తాడు, చెయ్యమని ఒకరు చెప్పాలా. కాని నీకేం కావాలయ్యా అంటే నోట మాట రాదు. బావమరిదికి మాత్రం ఎప్పుడూ మాట సిద్ధం. "బావా, నీకున్న క్రమశిక్షణకి ఇంకో ఫ్లాటు చిటికెలో పని. ఫ్లాటు వద్దా, స్థలం. స్థలం వద్దా, షాపు" అని ఫోన్లో ఏకరువు పెడుతుంటే పక్కనుంచి ఆవిడ, పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం, అంది నెమ్మదిగా. బావమరిదికి వినబడలేదు. ఈయనకి వినబడింది, నవ్వొచ్చింది, అక్కడితో వదిలేశాడు.

ఆఫీసరు మాత్రం ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఇందాక కంప్యూటర్లో చూస్తూ, "నాలుగేళ్ళు ముందే! ఒక్క వాయిదా ఆలస్యం కాలేదు! మీలాంటి కస్టమరు మాకు బంగారం సార్" అంటుంటే పళ్ళాయన ఛాతీ ఇంత వెడల్పయింది, అది నిజం, దాచుకోవడం దేనికి. ఇరవై రెండేళ్ళలో ల్యాబులో ఆయన్ని బంగారం అన్నవాళ్ళు లేరు. పళ్ళు సరిగ్గా కుదిరితే పేరు డాక్టరుది, కుదరకపోతే తిట్టు ఈయనకి. పొగుడుతూ పొగుడుతూ ఆఫీసరు పళ్ళికిలిస్తే పైవరసలో ముందు పన్ను మీదున్నది పింగాణీ తొడుగని తెలిసిపోయింది, రంగు ఓ మెట్టు తెలుపెక్కువ, ఎవడు చేశాడో గాని పక్కపన్నుని చూడకుండా చేశాడు. తొడుగునే చూస్తూ ఉండగా ఫారం చేతిలోకి వచ్చేసింది, రెండో ఇల్లు, మీకైతే వడ్డీ తక్కువ, పదిహేనేళ్ళు, మీరెలాగూ పదేళ్ళలో తేల్చేస్తారు, ఆ కుర్చీలో కూర్చుని నింపుతూ ఉండండి, టైం పాస్ అవుతుంది. టైం పాస్ అయింది. బల్లకి దారంతో కట్టిన పెన్నుతో మూడు చోట్ల సంతకం పెట్టేశాడు. పెడుతున్నంతసేపూ మోకాలు ఊగలేదు. ఎంత హాయి, చేతికి మళ్ళీ పని దొరికింది, కళ్ళముందు కొత్త చార్టు, నూట ఎనభై తెల్ల గడులు. నాలుగో చోట ఆవిడ సంతకం కావాలి. ఆవిడకేం, పెట్టమంటే పెడుతుంది, పోయినసారీ పెట్టింది, చదివిందా అప్పుడు, ఏమో, ఏవండీ ఇక్కడేనా అని మాత్రం అడిగింది. ఆవిడ బడి ఆఫీసులో గుమస్తా, రోజుకి వంద కాగితాలు చూస్తుంది, ఇంటి కాగితాలు మాత్రం ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేస్తుంది.

మళ్ళీ మోకాలు. పెట్టె జారబోతే పట్టుకున్నాడు, లోపల ప్లాస్టర్ అచ్చు టక్కుమంది. పగిలితే పోయేదేముంది, ఎప్పటి అచ్చది. ల్యాబులో ఓ పద్ధతుంది, ఏ అచ్చయినా ఆర్నెల్లే. డాక్టరు రోగి నోట్లో కొలత తీసి పంపుతాడు, ఈయన అందులో ప్లాస్టర్ పోసి దవడని నిలబెడతాడు, దానిమీద మైనంతో పన్ను చెక్కి, ఆ తర్వాత పింగాణీ. మనిషెవరో తెలియదు. పేరుండదు, చీటీ ఉంటుంది, చీటీమీద కేసు నంబరు, పన్ను నంబరు, రంగు, అంతే. పదకొండంటే పైన కుడివైపు ముందు పన్ను, నలభై ఆరంటే కింద కుడివైపు పెద్ద నమిలే పన్ను. వీధిలో నడుస్తున్నా ఎవరైనా నవ్వితే ముందు అంకె కనబడుతుంది, తర్వాతే మనిషి. ఇక ఆర్నెల్లు దాటిన అచ్చు బీరువాలో కనబడిందా, ల్యాబు పెద్దాయన స్వయంగా చెత్తబుట్టలో పడేస్తాడు, పడేస్తూ కొత్తగా చేరినవాళ్ళకి అదే పాఠం చెబుతాడు. "నోట్లో ఖాళీ ఊరికే ఉండదర్రా. పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను దిగుతుంది. ఆర్నెల్ల కిందటి అచ్చు మీద పన్ను చేస్తే అచ్చుకి పడుతుంది, మనిషికి పట్టదు." ఈ పాఠం పళ్ళాయన ఎన్నిసార్లు విన్నాడో, తనే ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. మరి ఈ పెట్టెలోది ఎలా బతికింది? చెత్తబుట్ట వేళకి బీరువాలో లేదు గనక. రసీదుల మీద బరువుకి ఏదైనా ఉంటే బాగుండునని ఓ రోజు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా నెలనెలా దాన్ని ఎత్తడం, కింద రసీదు దూర్చడం, మళ్ళీ పెట్టడం. ఎత్తినప్పుడల్లా చేతిలో ఉంది, చూడలేదు. మూత తీశాడు ఇప్పుడు, ఎందుకో.

కింది దవడ. చిన్న దవడ, వంపు గుండ్రంగా ముద్దుగా ఉంది, ముందు పళ్ళలో ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంది, మంచి దవడ. కుడివైపు నలభై ఆరు లేదు. అక్కడ తన చిటికెనవేలు కొస సరిగ్గా పట్టేంత ఖాళీ. అడుగున పెన్సిల్ రాత, తన రాతే, కేసు నంబరు ఉండాల్సిన చోట 'ఇంటి కేసు' అని ఉంది, కింద నలభై ఆరు. ఇంటి కేసు. ఎవరి ఇల్లు, అన్నట్టు ఓ క్షణం నిజంగానే అర్థం కాలేదు ఆయనకి, సిగ్గుచేటు. ఆవిడది. ఎనిమిదేళ్ళ కిందట, వానాకాలం, బుగ్గ వాచిపోయి తువ్వాలు చుట్టుకుని రెండు రోజులు ఉద్యోగానికి వెళ్ళింది ఆవిడ, పంటిబిగువున భరించిందనడానికి కూడా లేదు, బిగిస్తే ప్రాణం పోయేది. డాక్టరు చెప్పాడు, వేరు శుభ్రం చేసి తొడుగు వేస్తే పన్ను నిలుస్తుంది, ఇంత అవుతుంది. తొడుగు మీ ఆయనే చేసుకుంటాడు కాబట్టి అది మాఫీ, వేరు పనికి మాత్రం ఇంత. ఆ ఇంతా, ఆ నెల ఎర్రగడికని దాచిన డబ్బూ సరిగ్గా ఒకటే. ఇద్దరూ కుర్చీల్లో డాక్టరు ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడే అంది, తువ్వాల్లోంచి, "పీకించేద్దామండీ. లోపలి పన్నేగా, ఎవరికి కనబడుతుంది." ఈయన వద్దనలేదు. పైగా ఎంత మంచి మాటలు చెప్పాడు, నేనున్నాగా, వంతెన కట్టిస్తా, పక్క రెండు పళ్ళనీ ఆనుకుని, మూడు వారాల్లో చేసిస్తా అని ల్యాబుకి తీసికెళ్ళి తనే కొలత తీశాడు. ఆదివారం చేద్దామనుకున్నాడు. ఆదివారం అంటే ఎర్రగడి. ఎన్ని ఆదివారాలు, నాలుగొందలు, నాలుగొందల పదహారు, ఊరివాళ్ళందరి నోళ్ళూ నిండాయి.

ఎర్రగడి అంటే గుర్తొచ్చింది, ఆ నెలది కిందినుంచి రెండో వరసలో నాలుగోది. పిల్లకి ఏడేళ్ళు. గడంతా ఎర్రగా నింపి మధ్యలో చిన్న తెల్లచుక్క వదిలేసింది. ఇదేంటే, సరిగ్గా నింపు అన్నాడు ఈయన, గడి అంటే అంత పట్టింపు. "అది అమ్మ పన్ను నాన్నా" అంది పిల్ల. తనేమన్నాడు? నవ్వాడనుకుంటా. లేదు, ఎరుపు పెన్సిల్ తీసుకుని తనే ఆ చుక్క నింపేశాడు. అవును. చెయ్యి జ్ఞాపకం ఉంచుకుంది, బుద్ధి మర్చిపోయింది. ఇప్పుడెళ్ళి చూసినా ఆ చోట రంగు కాస్త మందంగా ఉంటుంది. ఒసే పిల్లా, నీకు తెలిసినపాటి నాకు తెలియలేదే. ఇక వరసగా ఒకటే గుర్తు రావడం, ఒకదాని తోక పట్టుకుని ఒకటి. ఆవిడ నవ్వితే కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం, అది ఆవిడ పద్ధతేమో, సిగ్గేమో అనుకున్నాడు, పెళ్ళైన కొత్తలో అలా నవ్వేది కాదు కదా, నోరంతా తెరిచి నవ్వేది, పక్కింటివాళ్ళకి వినబడేలా. యాపిల్ తనకి కొరుక్కోమని ఇచ్చి, ఆవిడ మటుకు కాగితమంత పల్చగా కోసుకుని తినడం. అన్నం ఎడమ బుగ్గనే పెట్టుకుని నమలడం, భోజనం ఆవిడకి ఆలస్యం కావడం, ఈయన కంచం కడిగేసి వచ్చినా ఆవిడ ఇంకా సగంలోనే ఉండడం, "ఎంతసేపే తింటావు" అని ఈయన వేళాకోళం. ఎదురుగా కూర్చుని తిన్నాడు ఎనిమిదేళ్ళు. వీధిలో పోయే ముక్కూమొహం తెలియనివాడి పన్ను రంగు ఓ మెట్టు తేడా ఉంటే పట్టేసే కళ్ళు ఇవి! థూ. పక్కనున్న పెద్దావిడ మళ్ళీ చూసింది, పైకే అన్నాడు కాబోలు. "ఏం లేదండీ" అన్నాడు. "ఆ అచ్చు ఎవరిదయ్యా?" అందావిడ, ఇందాకటి నుంచీ అదే చూస్తున్నట్టుంది. "మా ఆవిడదండీ." "ఉందా పోయిందా?" అందావిడ నెమ్మదిగా. "ఉందండీ, వస్తోంది, బస్సులో ఉంది" అన్నాడు, అంటుంటే కళ్ళు చెమర్చాయి, ఎందుకో ఏమిటో ఆ పెద్దావిడకి ఎలా చెబుతాడు.

ఫోన్ గుర్రుమంది, ఆవిడ మెసేజి, సిగ్నల్ దగ్గర ఆగాం, ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు. ఫారం చించేద్దామా? చించడం ఎంతసేపు. చెయ్యి పోదు. మూడు సంతకాలు ఎంత చక్కగా పడ్డాయి. చించేస్తే రేపు పొద్దున్న తలుపు తిప్పి ఏం చూడాలి. అసలు భయం అది, అప్పు గురించి కాదు, ఆ గడులు లేకపోతే తనెవరు అన్నది. పొదుపుగల మనిషి, మాట తప్పని మనిషి, బంగారం. గడి ఉంటే ఆదివారం ల్యాబుకి పోవచ్చు, గడి లేకపోతే ఆదివారం ఇంట్లో కూర్చుని ఆవిడ మొహంలోకి చూడాలి, పదకొండేళ్ళలో ఆవిడతో మాట్లాడిందెంత, ఈ నెలెంత, వచ్చే నెలెంత, కరెంటు బిల్లు కట్టావా. అప్పు ఒక చాటు. దాని వెనక దాక్కుని ఎంత మంచివాడుగా బతికాడు! పెద్దాయన పాఠం చెవిలో గంట కొట్టినట్టు, ఖాళీ ఊరికే ఉండదర్రా, నలభై రోజుల ఖాళీకే పక్కనుంచి ఈ ఫారం ఒరిగి వచ్చేసింది. అట్టపెట్టె అడుగునుంచి ఎర్రట్ట నోటుపుస్తకం లాగాడు. నా గదికి తలుపు. కింద ఖాళీ గీత, తనది. ఆ కింద ఇంకో ఖాళీ గీత, ఆవిడది, మీరు రాశాకే. ఆవిడెప్పుడూ తన తర్వాతే. తను రాయకపోతే ఆవిడ గీత అలాగే ఉండిపోతుంది, ఇంకో పదిహేనేళ్ళు. లేచాడు, బల్ల దగ్గరికి వెళ్ళాడు, దారం పెన్ను అందుకున్నాడు. దారం పొట్టిది, పుస్తకాన్నే పెన్ను దగ్గరికి తీసికెళ్ళాల్సొచ్చింది. తన గీత మీద నలభై ఆరు అని అంకె వేశాడు, ల్యాబు చీటీమీద వేసినట్టే, పక్కన ఇంటి కేసు అని రాశాడు.

ఆవిడ వచ్చింది, చెమటతో, మెడలో బడి గుర్తింపు కార్డుతో. వస్తూనే "కాగితాలు ఇచ్చారా?" అంది, కుర్చీమీదున్న ఫారం చూసింది, తీసుకుంది, ఈసారి నుంచునే మొత్తం చదివింది. మూడు సంతకాలూ చూసింది. "ఇంకో పదిహేనేళ్ళా?" అంది అంతే. ఆయన నోటుపుస్తకం ముందుకి చాచాడు. "రాశాను. చూడు." చూసింది. "నలభై ఆరేమిటి, నెలలా?" "పన్ను. నీది." ఆవిడ కూర్చుంది. గొంతు తగ్గించే అంది గాని హాలంతా వినబడ్డట్టే అనిపించింది ఆయనకి. "ఎనిమిదేళ్ళండీ. రోజూ మీ ఎదురుగా కూర్చుని తిన్నాను. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు అడిగారా, ఎలా తింటున్నావే అని? ఇవాళ బ్యాంకులో గుర్తొచ్చానా?" "తప్పే" అన్నాడు. పెట్టెలోంచి అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. "నోరు తెరువు" అన్నాడు. "ఇక్కడా?" "ఇక్కడే." ఆవిడ అటూ ఇటూ చూసింది, పక్కనున్న పెద్దావిడ మర్యాదగా గోడమీది అంకెల వైపు తిరిగింది. తెరిచింది. ఫోన్ లైటు వేసి చూశాడు, ఒక చేతిలో అచ్చు, ఎదురుగా ఆవిడ. అచ్చులో ఖాళీ వెనకున్న పన్ను, నలభై ఏడు, నిటారుగా నిలబడి ఉంది. ఆవిడ నోట్లో అది సగానికి సగం ముందుకి ఒరిగిపోయింది, పై పన్ను కిందికి దిగిపోయింది. చిటికెనవేలు పట్టే చోట ఇప్పుడు దాని గోరు కూడా పట్టదు. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన సంగతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. "ఇవాళ కూర్చుని చేసినా పట్టదు" అన్నాడు నిజం చెప్పేస్తూ. "చోటు మిగల్లేదు. ముందు ఒరిగినదానికి తీగె కట్టించి మెల్లగా నిలబెట్టాలి. ఏడాదిన్నర పడుతుంది. నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నేనొస్తా, ఆదివారం ఆదివారం నేను ల్యాబుకి పోను."

ఆవిడ నోరు మూసుకుంది. నాలుకతో ఆ చోటు తడుముకుంటున్నట్టు బుగ్గ కదిలింది. కోపం పోలేదు, మొహంలోనే ఉంది, అంత తొందరగా పోతుందని ఆయనా అనుకోలేదు. "ఏడాదిన్నరంటే పద్దెనిమిది నెలలు" అంది. ఫారం తిప్పింది, వెనకవైపు తెల్లగా ఉంది. తన సంచీలోంచి పెన్ను తీసి, అట్టపెట్టె తన ఒళ్ళోకి లాక్కుని దానిమీద పెట్టుకుని, వరసకి ఆరు చొప్పున మూడు వరసలు గడులు గీసింది, స్కేలు లేకుండానే తిన్నగా వచ్చాయి. పైన విడిగా ఇంకో గడి గీసింది. "ఇది పిల్ల తలుపు. ముందు అది" అంది. "రెండూ ఈ నెలే" అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూసింది, పరీక్షగా, అప్పిచ్చేవాళ్ళు చూసినట్టు చూసింది, తర్వాత పద్దెనిమిదిలో మొదటి గడి మూలన ఈ నెల పేరు రాసింది. ఆయన మోకాలు ఊగుతూనే ఉంది. ఆవిడ మోచేత్తో దాన్ని అదిమింది.

అంతలో ఆఫీసరు పిలిచాడు, టీకెళ్ళినాయన వచ్చేశాడట. లావుపాటి కవరు, తాడు, లక్క ముద్ర, లోపల పదకొండేళ్ళ కిందటి కాగితాలు. ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఆవిడ పెట్టేముందు ప్రతి కాగితమూ చదివింది, ఆఫీసరు వేళ్ళతో బల్లమీద తాళం వేస్తూ ఓపిక పట్టాడు. కవరు ఆవిడ చేతికే ఇవ్వమన్నాడు పళ్ళాయన. తను అచ్చు జేబులో వేసుకున్నాడు, ఎందుకూ పనికిరాదని తెలుసు, అయినా. ఆవిడ ఓ చేత్తో కవరు, ఓ చేత్తో అట్టపెట్టె, పెట్టెమీద ఫారం బొటనవేలితో నొక్కి పట్టుకుని లేచింది. "సార్, ఆ ఫారం పూర్తయితే ఇటిచ్చేయండి, ఇవాళే పైకి పంపేస్తాను" అన్నాడు ఆఫీసరు తెల్ల తొడుగు మెరిసేలా నవ్వుతూ. "కుదరదండీ" అంది ఆవిడ, "వెనకవైపు మాకు పనుంది." అని ఫారం తిప్పి ఆ గడులు చూపించింది. ఆఫీసరుకి ఏమీ అర్థంకాక తొడుగు పన్నుతో సహా నోరు తెరిచేసరికి ఆవిడకి నవ్వొచ్చేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయింది, రెండు చేతులూ ఖాళీ లేవు. నోరంతా తెరిచి నవ్వింది, పక్కకుర్చీలో పెద్దావిడ కూడా తిరిగి చూసేలా, నలభై ఆరు లేని చోటు అందరికీ కనబడేలా.